ఫ్రీఫాల్‌ ఫొటోలకు మొదటి కెమెరా: స్విచ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా

జడ్చర్ల తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. స్పెయిన్ వెళ్లి స్కైడైవింగ్‌లో (విమానం నుంచి పారాచూట్‌తో దూకడంలో) మొదటి మెట్టయిన 'ఏ' లైసెన్స్ తెచ్చుకున్నాడు, ఇప్పటికి అరవైకి పైగా జంపులయ్యాయి. టాండెమ్ ప్యాసింజర్లకు, అంటే శిక్షకుడి (టాండెమ్ మాస్టర్) ఒంటికి కట్టుకుని దూకేవాళ్లకు, ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ తెరవకముందు పడే సమయంలో, ఫొటోలు తీసే పని మీద మనసు పడింది. చేతిలో ఎనభై వేలున్నాయి. మేనమామకు పెళ్లిళ్ల ఫొటో స్టూడియో ఉంది. ఆయన తన కెనన్ 5డీ మార్క్ 4ని, 24-70 లెన్స్‌ని తక్కువకే ఇస్తానంటున్నాడు. అది తీసుకోవాలా, కొత్త మిర్రర్‌లెస్ కొనాలా, లేక గోప్రోతోనే సరిపెట్టుకోవచ్చా అని అడిగాడు.

తమ్మీ, నాది నల్లగొండ. గల్ఫ్‌లో కొన్నేళ్లు టాండెమ్ కెమెరా పనే చేశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. అందరూ కెమెరాను సెన్సర్ నుంచి, మెగాపిక్సెళ్ల నుంచి ఎంచుకోవడం మొదలుపెడతారు. ఆకాశంలో పని చేసే కెమెరాకు ఆ వరుస తలకిందులు. ముందు నోట్లో పెట్టుకునే స్విచ్ దేనికి తగులుతుందో చూడాలి, తర్వాత తల మీద ఎంత బరువు పడుతుందో చూడాలి, తర్వాత లెన్స్, అన్నిటికంటే చివర బాడీ. ఈ వరుసలో వెతికితే ఎనభై వేలు చాలడమే కాదు, మిగులుతాయి కూడా.

దానికంటే ముందు నీకు రుచించని మాట ఒకటి. ఇప్పుడే తలకు కెమెరా కట్టుకోవద్దు. అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ సిఫారసు ప్రకారం కెమెరాతో దూకేవాడికి కనీసం సీ లైసెన్స్ ఉండాలి, అంటే 200 జంపులు. పైగా కెమెరాతో వాడబోయే అదే పారాచూట్ మీద ఇటీవల 50 జంపులు చేసి ఉండాలి. 'గోప్రో చిన్నదే కదా, దానికి ఈ రూల్ ఏంటి?' అని ప్రతి కొత్త జంపరూ అడుగుతాడు. గోప్రో కూడా కెమెరానే. అసలు సమస్య దాని బరువు కాదు, అది మన ధ్యాసను లాక్కోవడం. ఎత్తు చూసుకోవలసిన క్షణంలో ఫ్రేమ్ చూస్తాం, పక్కవాడు ఎక్కడున్నాడో చూడవలసిన క్షణంలో ఎర్ర లైటు వెలుగుతోందా లేదా అని ఆలోచిస్తాం.

1988 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 800కి పైగా జంపులు చేసిన ఒకాయన వీడియో తీయడానికి విమానం నుంచి దూకాడు. వీపున పారాచూట్ లేదు. ఆ కాలపు వీడియో సామాను చాలా బరువుండేది. ఆ బరువునే పారాచూట్ బరువు అనుకుని ఉంటాడని అప్పట్లో చెప్పుకున్నారు. ఎనిమిది వందల జంపుల మనిషికే ధ్యాస అంత పక్కకు పోయిందంటే అరవై జంపుల మనిషి సంగతి వేరే చెప్పాలా? ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. కెమెరా ఇప్పుడే కొనుక్కో, నేల మీద దాన్ని పూర్తిగా నేర్చుకో, తల మీదికి మాత్రం తర్వాత ఎక్కించు. ఆ నేల మీద నేర్చుకోవడం ఎలాగో కింద చెబుతాను, అది మన పాలమూరులోనే అయిపోతుంది.

ఇక స్విచ్ విషయం. ఫ్రీఫాల్‌లో రెండు చేతులూ ఎగరడానికే కావాలి. ఫొటోగ్రాఫర్ వేసుకునే సూట్‌కు చంకల కింద రెక్కలుంటాయి, చెయ్యి కొంచెం కదిపినా పక్కకు జారిపోతాం. అందుకే షట్టర్ నొక్కే పని నోటిది. పళ్లతో కొరికితే బైట్ స్విచ్, నాలుకతో నొక్కితే టంగ్ స్విచ్, ఊదితే బ్లో స్విచ్. మొదటిసారి బైట్ స్విచ్ చాలు. ఏదైనా సరే, దాని తీగ వచ్చి కెమెరాకు తగలాలి. ఇక్కడే చాలా కొత్త కెమెరాలు పనికి రాకుండా పోతాయి. ఉదాహరణకు కెనన్ ఎం50 మంచి కెమెరానే, కానీ దానికి వైరు రిమోట్ పెట్టుకునే రంధ్రమే లేదు. బ్లూటూత్ రిమోట్ ఉంది కదా అంటావేమో. దాన్ని పళ్ల మధ్య పెట్టుకోలేం, గాల్లో కనెక్షన్ తెగితే చూసేవాడూ ఉండడు.

కెనన్ 200డీ లాంటి చిన్న బాడీలకు పక్కన 2.5 మి.మీ. జాక్ ఉంటుంది. దాని పనితనం చాలా సింపుల్. జాక్ కొన షట్టర్‌కు, మధ్య రింగు ఫోకస్‌కు, చివరి భాగం గ్రౌండ్‌కు. గ్రౌండ్‌కు కొన కలిస్తే క్లిక్ పడుతుంది, అంతే. అందుకే చాలామంది కెమెరా జంపర్లు ఈ స్విచ్‌ను సొంతంగా చేసుకుంటారు. కోఠి గుజరాతీ గల్లీలో 2.5 స్టీరియో జాక్, సన్నని రెండు పోగుల వైరు, చిన్న మైక్రో స్విచ్, హీట్ ష్రింక్ ట్యూబ్ కొనుక్కుని, టీవీ రిపేర్ చేసే ఎవరి దగ్గరైనా సోల్డరింగ్ చేయించుకో. ఉమ్మి లోపలికి పోకుండా ట్యూబ్ రెండు పొరలు వేయించు. ఉమ్మి దిగితే స్విచ్ దానంతటదే నొక్కుకుపోయి, విమానం ఎక్కేలోపే కార్డు నిండా సీటు బెల్టుల ఫొటోలు పడతాయి. ఒకేసారి రెండు స్విచ్‌లు చేయించి పెట్టుకుంటే మంచిది. 5డీ లాంటి పెద్ద కెనన్ బాడీలకు ఈ జాక్ ఉండదు, గుండ్రటి మూడు పిన్నుల వేరే కనెక్టర్ ఉంటుంది. సోనీ ఏ6000కి అయితే యూఎస్‌బీని పోలిన దాని సొంత కనెక్టర్. ఇవి కూడా పనిచేస్తాయి, కానీ విడి కనెక్టర్ దొరకడం, చేయించడం కాస్త తలనొప్పి.

బరువు సంగతి చూద్దాం. మామయ్య 5డీ మార్క్ 4 బ్యాటరీ, కార్డుతో కలిపి సుమారు 890 గ్రాములు. కెనన్ 24-70 ఎఫ్/2.8 రెండో తరం లెన్స్ 805 గ్రాములు. రెండూ కలిపి కిలో ఏడు వందలు, హెల్మెట్ కాకుండానే. నడి నెత్తిన ఇది పెట్టుకుని పారాచూట్ తెరిచామనుకో. మామూలుగా తెరుచుకున్నప్పుడే మూడు నాలుగింతల బరువు పడుతుంది. కిలో ఏడు వందలు దాదాపు ఏడు కిలోలై మెడను కిందికి గుద్దుతుంది. ఒక్కోసారి పారాచూట్ గట్టిగా తెరుచుకుంటుంది, అప్పటి లెక్క నేను చెప్పను. ఆ క్షణంలో నువ్వు తల పక్కకు తిప్పి టాండెమ్‌ను చూస్తూ ఉంటే ఇంకా ఘోరం. రోజుకు ఎనిమిది పది జంపులు చేసే పని ఇది, మెడ మళ్లీ కొనుక్కోలేం.

200డీ 453 గ్రాములు, పాత 18-55 లెన్స్ 200 గ్రాములు. మొత్తం ఆరు వందల యాభై. ఏ6000 ఇంకా తేలిక, బాడీ 344, దాని కిట్ లెన్స్ 116, మొత్తం 460. కాబట్టి మామయ్యకు దండం పెట్టి 5డీ వద్దని చెప్పు. దాని బదులు స్టూడియో బీరువాలో మూలన పడున్న పాత 18-55 ఏదైనా ఉంటే అడుగు. ఎందుకో చెబుతాను, ఇది చాలామందికి తట్టని విషయం.

కెనన్ 18-55లో రకాలున్నాయి. ఎస్‌టీఎం అని రాసి ఉన్నవి కొత్తవి, ఫోకస్ మెత్తగా, చప్పుడు లేకుండా కదులుతుంది. కానీ వాటి ఫోకస్ రింగ్ తిప్పితే నేరుగా గాజు కదలదు, రింగ్ మోటారుకు సైగ చేస్తుంది, మోటారు గాజును కదుపుతుంది. అందువల్ల రింగ్‌కు టేప్ వేసినా ఫోకస్‌ను బంధించినట్టు కాదు. ఎస్‌టీఎం కంటే ముందు వచ్చిన 18-55 ఐఎస్ 2 లెన్స్‌లో రింగ్ తిప్పితే గాజు నేరుగా తిరుగుతుంది. ఫోకస్ పెట్టి, లెన్స్ మీది స్విచ్‌ను ఎంఎఫ్ (మాన్యువల్ ఫోకస్)లో ఉంచి, గాఫర్ టేప్ (గట్టి గుడ్డ టేప్) చుట్టేస్తే ఇక ఎవరూ కదిలించలేరు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు దాన్ని ప్లాస్టిక్ ముక్క అని చిన్నచూపు చూస్తారు, మనకు అదే కావాలి. సోనీ 16-50 పవర్ జూమ్‌కు దీనికంటే పెద్ద ఇబ్బంది ఉంది. కెమెరా ఆగి మళ్లీ ఆన్ అయినప్పుడల్లా అది ముడుచుకుని సాగుతుంది, నువ్వు పెట్టిన జూమ్ పోతుంది, ఫోకస్ పోతుంది. ఏ6000 తీసుకుంటే దానికి జూమ్ లేని లెన్స్ వేరే వెతుక్కోవాలి.

ఆటోఫోకస్ ఉండగా టేప్ దేనికి అంటావా? బైట్ స్విచ్ ఒక్కసారి కొరికితే ఫోకస్, షట్టర్ రెండూ ఒకేసారి అడుగుతుంది. వన్ షాట్ ఆటోఫోకస్‌లో కెమెరా ఫోకస్ దొరికేదాకా క్లిక్ ఇవ్వదు. వెనక నీలాకాశం, ముందు ప్యాసింజర్ ముఖం, మధ్యలో నీ తల ఊగుతూ ఉంటుంది. మధ్య ఫోకస్ పాయింట్ ఆకాశం మీద పడితే లెన్స్ అటూ ఇటూ వెతుకుతూ కూర్చుంటుంది. ఆ వెతుకులాటలో నవ్వు అయిపోతుంది. అసలు ఇక్కడ ఫోకస్‌కు అంత పని లేదు కూడా. చిన్న సెన్సర్ కెనన్‌లో 18 మి.మీ., ఎఫ్/8 దగ్గర రెండు మీటర్లకు కొంచెం పైన ఫోకస్ పెడితే సుమారు ఒక మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. టాండెమ్ నీకు రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ఒకసారి పెట్టి, టేప్ వేసి, మరిచిపో.

18 మి.మీ. దగ్గరే ఎందుకు అనేది కూడా లెక్క వేసుకుంటే తేలిపోతుంది. కెనన్ చిన్న సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. 18 మి.మీ. లెన్స్‌తో రెండున్నర మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు మూడు మీటర్లు దాటుతుంది. చేతులు చాచిన ఇద్దరు మనుషులు అందులో హాయిగా పడతారు, నీ తల కొంచెం పక్కకు పోయినా చేతులు తెగవు. 24 మి.మీ. అయితే రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లే. చేయి తిరిగినవాడికి అది బాగుంటుంది, ముఖం పెద్దగా వస్తుంది, కొత్తవాడికి మాత్రం సగం ఫొటోల్లో చేతులో కాళ్లో ఎగిరిపోతాయి. 10 మి.మీ. వైడ్ లెన్స్ తీసుకుంటే అయిదున్నర మీటర్లు పడుతుంది, మనిషి చిన్న బొమ్మలా మిగులుతాడు. అతి వైడ్ లెన్స్ పెట్టి మరీ దగ్గరికి వెళ్లడానికి అలవాటు పడితే ఢీకొనే ప్రమాదం ఉంది. టాండెమ్ మాస్టర్ ముందు రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి ఎగరడం నేర్చుకోవడమే అసలు విద్య, లెన్స్ ఆ దూరానికి తగ్గట్టు ఉంటే చాలు.

షట్టర్ వేగం విషయంలో ఒక అపోహ ఉంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పడుతున్నాం కాబట్టి 1/4000 కావాలనుకుంటారు. టాండెమ్ పడే వేగమూ నీ వేగమూ ఒకటే కదా. సాగర్ రోడ్డు మీద పక్కపక్కనే ఒకే వేగంతో పోతున్న రెండు బస్సుల్లో ఎదుటి కిటికీ దగ్గరున్న మనిషి ఎంత నిలకడగా కనబడతాడో ఇక్కడా అంతే. నేల కిలోమీటర్ల దూరంలో ఉంది, అది కదిలినట్టే ఉండదు. ఫొటో చెడేది గాలికి నీ తల వణకడం వల్ల. దానికి 1/500 సరిపోతుంది, నేనైతే 1/800 పెడతాను. ఎండ బాగా ఉన్న రోజు ఐఎస్ఓ 200, 1/800, ఎఫ్/8 అంటే మీటరు లేకుండా ఎండను బట్టి సెట్టింగ్ వేసుకునే పాతకాలం లెక్కకు (సన్నీ 16) సరిగ్గా సరిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. టాండెమ్ బోర్లా పడుతుంది, సూర్యుడు వీపు మీద. ముఖాలు నేల వైపు నీడలో ఉంటాయి. ఆ ముఖాల మీద పడే వెలుగు కింది నేల నుంచి తిరిగి వచ్చేదే. గల్ఫ్ ఇసుక మీద దూకితే ముఖాలు వెలిగిపోతాయి. మన వైపు చల్క నేలల మీద అయితే ఎర్రగా, కొంచెం తక్కువగా వెలుగుతుంది. నల్లరేగడి మీద, పచ్చటి వరి మీద ఇంకా తగ్గుతుంది. అందుకే నేను ఐఎస్ఓ 400 దాకా పెంచుకుంటాను. ఆకాశం కొంచెం తెల్లబడితే తెల్లబడనీ, డబ్బు కట్టినవాడు తన ముఖం చూసుకుంటాడు. మీటరింగ్‌ను కెమెరాకే వదిలేస్తే ఆకాశం ప్రకాశానికి మోసపోయి ముఖాలను నల్లగా తీస్తుంది. మాన్యువల్ నచ్చకపోతే షట్టర్ ప్రయారిటీలో 1/800 పెట్టి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ రెండు మూడు గీతలు పైకి జరుపు.

బర్స్ట్ వేగం (వరసగా ఫొటోలు తీసే వేగం) గురించి పెద్దగా టెన్షన్ పడకు. 13,000 అడుగుల నుంచి దూకి 5,500 దగ్గర తెరిచే టాండెమ్‌లో నీకు దొరికేది నలభై అయిదు, యాభై సెకన్లు. 200డీ సెకనుకు 5 తీస్తుంది, ఏ6000 11 తీస్తుంది. 5 చాలు. 11 తీస్తే ఒకే నవ్వుకు ఇరవై ఫొటోలు వస్తాయి, సాయంత్రం కూర్చుని ఏరుకునేది నువ్వే. కానీ రా ఫైల్ (కెమెరా ప్రాసెస్ చెయ్యని పెద్ద ఫైల్) పెట్టకు. 200డీ లాంటి బాడీల్లో రా అయితే అయిదారు ఫొటోలకే బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా మొండికేస్తుంది. పెద్ద జేపెగ్ పెట్టుకో. ఆటో పవర్ ఆఫ్‌ను వీలైనంత ఎక్కువ సమయానికి పెట్టు, విమానం పైకెక్కడానికి పట్టే సమయంలో కెమెరా నిద్రపోకూడదు.

గోప్రో చాలదా అన్న ప్రశ్నకు సూటి జవాబు: జ్ఞాపకానికి చాలు, ఆల్బమ్‌కు చాలదు. 4కె వీడియోలోంచి తీసిన ఒక ఫ్రేమ్ 8 మెగాపిక్సెళ్ల పైన కొంచెం. 300 డీపీఐలో ప్రింట్ చేస్తే పదమూడు అంగుళాల వెడల్పు కూడా నిండదు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 20 అంగుళాలు వస్తుంది. మామయ్య వేసే 12×36 కరిజ్మా ఆల్బమ్ పేజీల్లో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడు, వేరే చెప్పక్కర్లేదు. గోప్రో వైడ్ అంచుల్లో ముఖాలు సాగిపోవడం ఇంకో బాధ. అయినా కెమెరా జంపర్ హెల్మెట్ మీద రెండూ ఉంటాయి, వీడియోకు గోప్రో, ఫొటోకు స్టిల్. తర్వాత ఎలాగూ కొంటావు, మొదట స్టిల్ నేర్చుకుంటే ఫ్రేమ్ చూసే కన్ను వస్తుంది.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది హెల్మెట్‌కు. మీ దగ్గర బండి హెల్మెట్‌కు అల్యూమినియం ప్లేటు బిగించి ఇచ్చే లేత్ వర్క్‌షాపులు ఉంటాయి, నాకు తెలుసు. ఆ పని చేయించకు. అంచులు పదునుగా ఉంటాయి, స్క్రూ తలలు బయటికి పొడుచుకొస్తాయి. పారాచూట్ తెరుచుకునే క్షణంలో ఒక్క లైన్ (పారాచూట్ తాడు) వాటికి చిక్కితే ఇక మెడా పారాచూట్ రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టే. కెమెరా హెల్మెట్‌కు చదునైన ప్లాట్‌ఫామ్ ఉండాలి, తల మీద కదలకుండా గట్టిగా కూర్చోవాలి, ఒక్క చేత్తో ఒక్క లాగుతో తీసి పారేసే కట్‌అవే ఉండాలి. దాన్ని ఇంట్లో కళ్లు మూసుకుని, గ్లోవ్స్ వేసుకుని, కుడిచేత్తోనూ ఎడమచేత్తోనూ లాగి అలవాటు చేసుకో. కొత్త హెల్మెట్ ఖరీదనిపిస్తే వాడినది కొను, కానీ దాని కట్‌అవేను నువ్వే నాలుగైదు సార్లు పనిచేయించి చూడు.

చిక్కు పరీక్ష ఒకటి చెబుతాను. కెమెరా బిగించిన హెల్మెట్‌ను బల్ల మీద పెట్టి, రెండు మీటర్ల సన్నని నైలాన్ తాడును దాని మీద అన్ని దిక్కుల నుంచీ లాగు. ఎక్కడ ఆగితే అక్కడ టేప్ వెయ్యి, లేదా ఆ భాగాన్నే తీసెయ్. బెల్టు తగిలించే చిన్న రింగులు తీసెయ్. వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు తీసెయ్, దానితో నీకు పని లేదు. పక్కకు తెరుచుకునే స్క్రీన్ ఉన్న కెమెరా అయితే దాన్ని మూసి టేప్ వెయ్యి. లెన్స్ హుడ్, ముందు గాజు ఫిల్టర్ వద్దు. 13,000 అడుగుల నుంచి పడే ఫిల్టర్ కింద ఎవరి నెత్తి మీద పడుతుందో తెలియదు. వ్యూఫైండర్ బాగుందనీ స్క్రీన్ తిరుగుతుందనీ ఎక్కువ ధర చెప్పే కెమెరాలకు ఈ కారణంతోనే నేను పైసలు పెట్టనివ్వను. అవి రెండూ గాల్లో నీకు కనబడవు.

మరి కంటికి కనబడేది ఏది? రింగ్‌సైట్. ఒక కంటి ముందు చిన్న గాజు, అందులో వలయాలు. ఆ వలయాల మధ్యలో ఉన్నదే ఫొటో మధ్యలో ఉండాలి. దీన్ని సరిచేయడంలో కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది దూరం విషయంలో. కెమెరా నీ కంటికంటే పదిహేను సెంటీమీటర్లు పైన ఉందనుకో. నల్లగొండలో డాబా మీద నిలబడి దూరంగా లతీఫ్ సాహెబ్ గుట్ట కొనమీద రింగ్‌సైట్ కలిపితే గుట్ట ఫొటో చక్కగా వస్తుంది. అదే సెట్టింగ్‌తో రెండున్నర మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే ఫ్రేమ్ పదిహేను సెంటీమీటర్లు పైకి జరిగిపోతుంది. పైన ఖాళీ ఆకాశం, కింద కాళ్లు గల్లంతు. కాబట్టి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, టేప్‌తో రెండున్నర మీటర్లు కొలిచి అక్కడి నుంచే కలుపు.

ఇప్పుడు నేల మీది సాధన. 200 జంపులు అయ్యేలోపు నువ్వు చేయగలిగింది ఇదే, దీనికి డ్రాప్‌జోన్ అక్కర్లేదు. ఎలాగూ మన నల్లగొండ, పాలమూరు వైపు రోజూ జంపులు జరిగే చోటు లేదు. మన దేశంలో దూకాలంటే హరియాణాలోని నార్నౌల్ లాంటి చోటికి పోవాలి. కాబట్టి ఊళ్లో ఉన్న రోజుల్లో కెమెరాను 18 మి.మీ. దగ్గర టేప్ వేసి, మామయ్య పని చేసే బరాత్‌కు వెళ్లు. వ్యూఫైండర్ చూడకుండా, కెమెరాను నుదుటి ఎత్తులో పట్టుకుని, డ్యాన్స్ చేసేవాళ్ల ముఖాలు రెండున్నర మీటర్ల దూరం నుంచి తియ్యి. డీజే ముందు అందరూ ఊగుతూనే ఉంటారు, దూరం మారుతూనే ఉంటుంది. నెలలోపే ఆ దూరం నీ ఒంటికి తెలిసిపోతుంది. (హెల్మెట్ మాత్రం పెట్టుకుని పోకు, పెళ్లివాళ్లు నిన్నే ఫొటో తీస్తారు.) బైట్ స్విచ్ అలవాటుకు స్కూల్ గ్రౌండ్‌లో కబడ్డీ బాగుంటుంది. అక్కడ హెల్మెట్ పెట్టుకోవచ్చు, గీత బయట నిలబడి, కూతకు వచ్చినవాడి ముఖం మీద వలయం ఉంచుతూ కొరుకు. కొరకడమూ చూడడమూ రెండు వేరే పనులుగా ఉన్నన్నాళ్లూ నువ్వు గాల్లోకి సిద్ధంగా లేనట్టే.

వాన కాలం తర్వాత ఒక తంటా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. నేల మీద 34 ఉంటే 13,000 దగ్గర 8. అక్కడ చల్లబడ్డ గాజు నిమిషంలో తేమ గాలిలోకి వస్తే ఆవిరి పడుతుంది. దీనికి పెద్ద మందు లేదు, ల్యాండ్ అయ్యాక మెత్తటి గుడ్డతో తుడుచుకోవడమే. లెన్స్‌ను మాత్రం దుమ్ములో, ల్యాండింగ్ చోట విప్పకు.

కొనేది వాడిన బాడీ అయితే కోఠి, అబిడ్స్‌లో దొరుకుతాయి, తెలిసిన స్టూడియోల దగ్గర ఇంకా బాగా దొరుకుతాయి. పెళ్లిళ్లలో నలిగిన బాడీకి క్లిక్‌ల లెక్క తప్పక అడుగు. ఈ స్థాయి బాడీల షట్టర్‌ను లక్ష క్లిక్‌ల ఆయుష్షుతో లెక్క వేస్తారు. ఒక జంపుకు వంద క్లిక్‌లు వేసుకున్నా యాభై వేలు తిరిగిన బాడీ నీకు ఇంకో అయిదు వందల జంపులు రావాలి. పైన గీతలు, రంగు పోవడం పట్టించుకోకు, ధర తగ్గించడానికి పనికొస్తాయి. రిమోట్ రంధ్రం మాత్రం పట్టించుకో. పెళ్లి కెమెరాల్లో దాన్ని ఎవరూ వాడరు కాబట్టి అది పాడైనా అమ్మేవాడికి తెలియదు. నువ్వు చేయించుకున్న బైట్ స్విచ్ జేబులో వేసుకుని పో, షాపులోనే గుచ్చి ఇరవై ముప్పై సార్లు నొక్కు, వైరును అటూ ఇటూ ఊపుతూ నొక్కు. ఒక్క క్లిక్ తప్పినా ఆ బాడీ వద్దు, పక్క షాపుకు పో.